బావి సినిమా, ఐదు గంటల బస్సు

పోయిన ఆదివారం క్వార్టర్స్‌లో బీరువా సర్దుతుంటే పై అరలో, పాత దుప్పట్ల కింద నుంచి ఎండు నెత్తళ్ల వాసన వచ్చింది. నేను నెత్తళ్లు కొని ఏడాది దాటింది. కృష్ణపట్నం ప్లాంటు క్వార్టర్స్‌లో మా పై వాటా వాళ్లకి చేపల వాసన పడదు. ఎండు చేప వాసన అయితే అర్జీ రాసేదాకా పోతారు. అందుకని కిటికీ మూసి మరీ దుప్పట్లు తీశాను. అడుగున నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. మూత మీద టోపీ పెట్టుకున్న ఒక దొర, నడుముకి తుపాకి, వెనక ఎర్రటి కొండలు, ఒక పక్కగా రాళ్లు పేర్చిన బావి. పాత సినిమాని శుభ్రం చేసి కొత్తగా విడుదల చేశామని, లోపల రెండు డిస్కులున్నాయని, ఇంగ్లీషులో బోలెడు గొప్పలు రాసి ఉన్నాయి. ఎక్కడో అమెరికా ఎడారిలో తీసిన సినిమా మా ఊరు మైపాడు ఎండుచేపల వాసన కొట్టడంలో పెద్ద రహస్యమేమీ లేదు. ఆ డబ్బా నాలుగేళ్ల పాటు మస్తానమ్మత్త ఇంట్లో, ఆమె నెత్తళ్లు దాచుకునే రేకు పెట్టెలో ఉంది. ఆమెకి విలువైనవి అనిపించినవన్నీ అందులోనే ఉండేవి.

మస్తానమ్మత్త మా పక్కింటావిడ. సొంత అత్త కాదు. మా ఊళ్లో అమ్మకంటే పెద్దదిగా కనబడిన ప్రతి ఆడమనిషీ అత్తో పెద్దమ్మో అయిపోతుంది కాబట్టి ఆమె అత్త అయింది. ముప్పై ఏళ్లకు పైగా ఆమె చేసిన పని ఒకటే. పొద్దున్నే ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని, మొదటి బస్సులో నెల్లూరు పోయి, తనకి అలవాటైన నాలుగు వీధులు తిరిగి అమ్మి, సాయంత్రం ఐదు గంటల బస్సులో తిరిగి రావడం. ఐదు గంటల బస్సే ఎందుకంటే, చేపల గంపలు పైన వేసుకోనిచ్చేది ఆ ఒక్కటే. మిగతా బస్సుల కండక్టర్లకి ముక్కులుండేవి.

నేను పుట్టక ముందు, ఆమె వయసులో ఉన్నప్పుడు, బస్టాండు పక్కన ఒక సినిమా హాలు ఉండేదట. చేపలు ఒంటి గంటకల్లా అయిపోయేవి. ఐదింటిదాకా నెల్లూరు ఎండలో నిలబడ్డం కంటే హాల్లో ఫ్యాను కింద కూర్చోవడం మేలు. గేటు దగ్గరాయనకి దోసెడు చేపలిస్తే గంపలు సైకిల్ స్టాండు వెనక పెట్టుకోనిచ్చి, ఈ నలుగురైదుగురు ఆడవాళ్లనీ నేల క్లాసులోకి వదిలేవాడు. ఒకసారి ఆ హాల్లో ఇంగ్లీషు గుర్రాల సినిమా ఒకటి వచ్చి మూడు వారాలు కదల్లేదు. వీళ్లూ కదల్లేదు. మూడు వారాలు, రోజూ అదే సినిమా, ఒక్క ముక్క అర్థం కాకుండా చూశారు. కొందరు నిద్రపోయారు. మస్తానమ్మత్త మాత్రం చూసింది. ఆ సినిమాకి అసలు పేరేదో ఉంది, డబ్బా మీద కూడా ఉంది, కానీ మా ఊళ్లో ఎవరికి చెప్పినా తెలియదు. మాకది బావి సినిమా.

ఒక్క చిక్కు ఉండేది. మ్యాట్నీ రెండున్నరకని బోర్డు మీద రాసినా, జనం నిండేదాకా మొదలు పెట్టేవాళ్లు కాదు. దాంతో సినిమా ఐదు దాటాక గానీ అయ్యేది కాదు. అయిదుకి పది నిమిషాలుండగా వీళ్లు లేవాల్సిందే. ఆ సమయానికి రోజూ తెర మీద ఒకటే దృశ్యం: ఖాళీ వీధి, ఒక చివర కాలు ఈడ్చుకుంటూ వచ్చిన కుంటి దొర, ఇంకో చివర మీసాలాయన. వాళ్ల చేతులు తుపాకుల మీదికి పోతుండగా వీళ్ల చేతులు గంపల మీదికి పోయేవి. మూడు వారాల్లో ఒక్కసారి కూడా ఎవరు కాల్చారో, ఎవరు పడ్డారో వీళ్లలో ఒక్కరూ చూడలేదు.

చూడనిదాన్ని చెప్పడానికి మస్తానమ్మత్తకి ఏ ఇబ్బందీ లేదు. నెల్లూరు నుంచి మైపాడుకి బస్సులో గంట ప్రయాణం. ఆ గంటలో ఆమె బావి సినిమా చెప్పేది. మూడు వారాలు చూసిన సినిమాని ముప్పై ఏళ్లు చెప్పింది. నేను పాలిటెక్నిక్‌లో చేరి అదే బస్సులో తిరగడం మొదలుపెట్టేసరికి సినిమా హాలు పోయి సెల్‌ఫోన్ల షోరూము వచ్చింది, వెదురు గంపలు పోయి ప్లాస్టిక్ టబ్బులు వచ్చాయి, బావి సినిమా మాత్రం అలాగే ఆడుతోంది. నేను మొదటి రోజే ఆమె వెనక సీట్లో కూర్చున్నాను.

"ఎండిపోయిన ఊరు. ఒకే బావి. ఆ బావి నాదని మీసాలాయన కూర్చున్నాడు. ఊరంతా నీళ్లకి అల్లాడతా ఉండాది. అప్పుడొచ్చినాడు కుంటి దొర. ఎవురి మీదికని? ఆ మీసాలాయన మీదికే, సొంత బావమరిది మీదికి."

"అత్తా, వాళ్లిద్దరూ చుట్టాలని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాల్నా? వాళ్ల మొహాలు చూస్తే తెలీదూ. ఊరికే అంత కోపం ఎవరికుంటాది? బావమరిది కాకపోతే పోనీలే అని వదిలేసేవోడు."

బస్సంతా తల ఊపింది. నేను నోట్సు పుస్తకం వెనక నవ్వు దాచుకున్నాను. అప్పటికే నాకు ఊళ్లో ఒక పేరుంది. ఎవరైనా కాస్త గంభీరంగా మాట్లాడితే పక్కన కూర్చుని గాలి తీసేసే పిల్లనని. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు తాను రోజూ ధ్యానం చేస్తానంటే, గురక వినబడుతుందా అని అడిగి మా చిన్నాన్న కూతురి సంబంధం కాస్త ఆలస్యం చేశాను. నా దృష్టిలో అది సేవ.

బావి సినిమాలో నాకు దొరికిన మొదటి తప్పు ముగింపు. అది ఏ రోజుకారోజు మారిపోయేది. ఒక రోజు కుంటి దొర ఒక్క గుండుకే మీసాలాయన్ని పడగొట్టేవాడు. ఇంకో రోజు ఇద్దరూ తుపాకులు పారేసి కుస్తీ పట్టి, బావిలో పడి, ఒకరి భుజం మీద ఒకరు ఎక్కి బయటికొచ్చేవాళ్లు. రెండో ఏడాది లెక్కల పరీక్షలో నేను తప్పిన రోజు, ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ రోజు కథలో కుంటి దొర మొదటి గుండు తప్పిపోయింది. టోపీ ఎగిరిపోయిందంతే.

నేను ఊరుకోలేదు. "అత్తా, నిన్న ఒక్క గుండుకే పడ్డాడు గదా మీసాలాయన."

"నిన్న గాలి లేదు అమ్మణ్ణీ," అంది ఆమె, నా వైపు చూడకుండా. "అయినా ఆ తుపాకిలో ఆరుంటాయి. ఒకటి పోయింది. ఇంకా ఐదుండాయి."

అప్పుడు దాన్ని గాలి గురించిన అబద్ధంగానే లెక్కేశాను. తర్వాత గమనించడం మొదలుపెడితే అర్థమైంది. ముగింపు మారేది గాలిని బట్టి కాదు, ఆ రోజు బస్సులో ఎవరెక్కారన్నదాన్ని బట్టి. పుట్టింటి నుంచి అత్తారింటికి తిరిగి పోతున్న అమ్మాయి ఉంటే కుంటి దొర భార్య గుర్రమెక్కి వచ్చేది. సినిమాలో అతనికి భార్యే లేదు. ఆసుపత్రి నుంచి వస్తున్నవాళ్లుంటే తగిలిన గుండు భుజానికే తగిలేది. ఎవరినీ పేరు పెట్టి పలకరించేది కాదు, ఏమైందని అడిగేది కాదు. వీపు తిప్పుకుని కూర్చుని ముందు సీటావిడకి కథ చెబుతున్నట్టు చెప్పేది. వినాల్సినవాళ్లు వెనక ఎక్కడో ఉండేవాళ్లు. ఇంత అర్థమయ్యాక నేను చేయాల్సిన పని నోరు మూసుకోవడం. అది నాకు అప్పటికి రాదు.

ఆ రోజుల్లోనే మా ఊళ్లో పెంచలయ్యకీ శీనయ్యకీ చెడింది. శీనయ్య అక్కను పెంచలయ్య చేసుకున్నాడు. ఇద్దరిదీ ఒకటే పడవ. ఒక రోజు సముద్రం మీద గాలి పెరుగుతోంది, వెనక్కి పోదామని శీనయ్య అన్నాడట. తిరుగుతుందిలే, వల వెయ్యమని పెంచలయ్య అన్నాడట. గాలి తిరగలేదు. ప్రాణాలతో వచ్చారు గానీ వల మొత్తం పోయింది. ఒడ్డున అందరి ముందూ ఒకరినొకరు అనరాని మాటలు అనుకున్నారు. ఆ తర్వాత మాటల్లేవు. పడవ ఇసక మీద బోర్లా పడి ఉంది. అది ఒక్కడితో పోయేది కాదు, ఇంకొకరిని పెట్టుకుందామంటే రెండోవాడు ఒప్పుకోడు. ఇద్దరూ వేరే వాళ్ల పడవల్లో కూలికి పోతున్నారు. మధ్యలో శీనయ్య అక్క తమ్ముడి పేరెత్తకుండా మొగుడికి వండి పెడుతోంది, మొగుడి పేరెత్తకుండా తమ్ముడి పిల్లలకి జడలేస్తోంది. ఎండకి పడవ చెక్కలు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. ఇంకో వేసవి అలాగే ఉంటే కట్టెలకి తప్ప పనికిరాదని అందరికీ తెలుసు. చెప్పడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు.

ఒక సాయంత్రం ఆ ఇద్దరూ ఐదు గంటల బస్సే ఎక్కారు. పెంచలయ్య డ్రైవరు వెనక, శీనయ్య చివరి సీట్లో. మస్తానమ్మత్త ఇద్దర్నీ చూసింది. ఇందుకూరుపేట దాటేసరికి మీసాలాయన, కుంటి దొర వీధిలో ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ రోజు ఆమె అక్కడే చాలాసేపు ఆగింది. కుంటి దొరకి చెల్లెలు గుర్తొచ్చింది. మీసాలాయనకి చిన్నప్పుడు ఇద్దరూ కలిసి తవ్విన బావి గుర్తొచ్చింది. బస్సులో మాటలు తగ్గిపోయాయి. పెంచలయ్య మెడ వెనక్కి తిప్పలేదు గానీ చెవి తిప్పినట్టే ఉంది. వెనక శీనయ్య బీడీ నలుపుతూ ఉన్నాడు.

నా చేతిలో కొత్త ఫోనుంది. ఎందుకో తోచి, కుంటివాడు, బావి, గుర్రాలు అని ఇంగ్లీషులో కొట్టి చూశాను. సినిమా దొరికింది. కథంతా అక్కడ రాసి ఉంది. గట్టిగా చదివాను.

"అత్తా, కుంటాయన చచ్చిపోతాడంట. మీసాలాయనే కాలుస్తాడంట. అసలు వాళ్లు చుట్టాలు కూడా కాదంట, అంతకు ముందు ఒకరి మొహం ఒకరు చూడనేలేదంట."

బస్సు గొల్లుమంది. కండక్టరు కూడా నవ్వాడు. నా జీవితంలో అంత పెద్ద నవ్వు నేను పుట్టించలేదు. పెంచలయ్య ముందు సీట్లో నవ్వాడు, శీనయ్య వెనక సీట్లో నవ్వాడు. ఎవరి నవ్వు వాళ్లది. మైపాడులో దిగి ఒకడు ఎడమకి, ఒకడు కుడికి పోయాడు. మస్తానమ్మత్త టబ్బు దించుకుని, చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు బస్సు బయల్దేరినా ఆమె నోరు విప్పలేదు. నేనే ముందుకి వంగి అడిగాను. "అత్తా, కథేది?"

"నీ ఫోన్లో ఉండాది గదా అమ్మణ్ణీ. చూసుకో."

కోపంగా అనలేదు. నాకు సౌకర్యంగా ఉంటుందని చెప్పినట్టు అంది. అందుకే ఈ రోజుకీ ఆ మాట అరగలేదు. ఆ తర్వాత ఆమె ఆ బస్సులో కథ చెప్పలేదు. రోజులు, నెలలు. గంట ప్రయాణం గంటంతా పట్టేది. ఎవరి ఫోన్లో వాళ్లు ఏవేవో పాటలు పెట్టుకునేవాళ్లు. ఆడవాళ్లు నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చేవాళ్లు. నేను జోకు వేస్తే మర్యాదకి నవ్వేవాళ్లు. జోకులు వేసేవాళ్లకి అంతకంటే పెద్ద శిక్ష ఉండదు.

చదువయ్యాక ప్లాంటులో ట్రైనీగా చేరాను. మొదటి నెల గడవగానే ఆ సినిమా డిస్కు తెప్పించాను. క్షమించమని నోటితో అడగడం నాకు చేతకాదు. అందుకని ఒక వస్తువు కావలసి వచ్చింది. ముందు నేనొక్కదాన్నే చూద్దామని డిస్కు పెడితే, మొదట వచ్చిన పట్టికలో ఒక వింత కనబడింది. సినిమాకి రెండు ముగింపులున్నాయి. హాల్లో వేసినది ఒకటి, అందులో కుంటాయన చనిపోతాడు. తీసి, ఎవరికో నచ్చక పక్కన పడేసినది ఇంకొకటి, అందులో బతుకుతాడు. ఏది కావాలో ఎంచుకొమ్మని డిస్కు నన్నే అడుగుతోంది. బస్సు నిండా జనం ముందు నేను గట్టిగా చదివిన నిజం, తీసినవాళ్లకే ఖాయం కాని నిజమన్నమాట. చాలాసేపు ఆ రిమోటు పట్టుకుని కూర్చున్నాను.

శనివారం మధ్యాహ్నం డబ్బా తీసుకుని ఆమె ఇంటికి పోయాను. అప్పుడు వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఎండాకాలంలో రెండు నెలలు పడవలు సముద్రంలోకి పోకూడదు. ఊరంతా ఇంటి పట్టునే ఉంటుంది. ఆమె డబ్బాని అటూ ఇటూ తిప్పింది. మూత మీది దొరని వేలితో తుడిచింది.

"ఈయనే. ముసిలోడు కాలేదు చూడు," అంది. డబ్బా ఒళ్లో పెట్టుకుని, "పెంచలయ్యను రమ్మను. శీనయ్యనీ రమ్మను. ఒకరొస్తుండారని ఇంకొకరికి చెప్పమాక," అంది.

పెళ్లిళ్ల వీడియోలు తీసేవాళ్ల దగ్గర ప్లేయరు అరువు తెచ్చి ఆమె టీవీకి తగిలించాను. పెంచలయ్య వచ్చి గోడకి ఆనుకున్నాడు. శీనయ్య వచ్చి, బావని చూసి, వెనక్కి పోబోయి, మస్తానమ్మత్త మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టేసరికి గడప మీదే కూర్చున్నాడు. ఆమె ఇంట్లో గ్లాసు ఖాళీ చేయకుండా పోవడం కుదరదు, ఖాళీ అయితే మళ్లీ నింపుతుంది. సినిమా నడిచింది. ఇంగ్లీషు ఎవరికీ అర్థం కాలేదు. ఆమె ఒక్క మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఆ విషయం ఇక్కడ ప్రత్యేకంగా నమోదు చేస్తున్నాను.

వీధి ఖాళీ అయింది. కుంటి దొర ఒక చివర, మీసాలాయన ఒక చివర, ఆయన వెనక కట్టేసిన గుర్రం. చేతులు కిందికి జారుతున్నాయి. మస్తానమ్మత్త లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపింది. వంగి చేత్తో పక్కన నేల తడిమింది, అక్కడ గంప లేదు. అయినా నడుచుకుంటూ గడప దగ్గరికి పోయింది.

"అత్తా, యాడికి?" అన్నాను. "ఇప్పుడే గదా అసలు సంగతి."

"ఆపెయ్యి," అంది, బయటికి చూస్తూ.

ఆపాను. తెర మీద ఇద్దరూ బిగుసుకుపోయారు. దుమ్ము గాల్లో అలాగే నిలిచిపోయింది. ఆమె అలవాటు కొద్దీ లేచిందా, అనుకునే లేచిందా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు. రెండూ అని నా అనుమానం.

"నాకు ఈడిదాకానే తెలుసు," అంది. "మీరు చెప్పండ్రా. ఏమైతాది?"

శీనయ్య గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "కుంటాయన పని అయిపోయినట్టే. గాలి ఎదురు కొడతా ఉండాది. దుమ్ము కళ్లలో పడతాది."

గోడ దగ్గర నుంచి పెంచలయ్య టీవీతో అన్నాడు. "గాలి ఎదురు కాదు. పక్క గాలి. గుర్రం తోక చూస్తే తెలస్తాది."

"తోక అటే గదా పోతుండాది."

"అది గాలికి కాదు, ఈగలకి ఊపింది."

"ఈగలకి ఊపితే జూలు కూడా అటే పోతాదా బావా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక శీనయ్య ఆగాడు. ఏడాది పైగా వాడని మాట అది. పెంచలయ్య లేచి టీవీ దగ్గరికి పోయి గుర్రం జూలు మీద వేలు పెట్టాడు. చాలాసేపు చూశాడు. ఎదురు గాలే. మా ఊరి మగవాళ్లు సముద్రంలో దేన్నైనా ఒప్పుకుంటారు గానీ గాలిని తప్పు చదివామని ఒప్పుకోరు.

"జూలు చూళ్లేదు నేను," అన్నాడు చివరికి. మళ్లీ, కాస్త మెల్లగా, "ఆ రోజు కూడా చూళ్లేదులే శీనా."

ఇక్కడ ఒక గొప్ప నిశ్శబ్దం రాయాలని ఉంది. కానీ చాలాసేపు ఆపి ఉంచినందుకు ఆ ప్లేయరు కుంటి దొరని, మీసాలాయన్ని మాయం చేసి, కంపెనీ గుర్తుని తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఈగలా తిప్పడం మొదలుపెట్టింది. వాళ్లిద్దరూ దాన్ని పట్టించుకోలేదు. గాలి ఎప్పుడు తిరిగుండేదో, అప్పుడు కుంటాయన ఎక్కడికి జరిగి ఉండాల్సిందో వాదించుకుంటూ లేచి, చెప్పులేసుకుని, అలాగే ఒడ్డు వైపు పోయారు. శీనయ్య గ్లాసులో మజ్జిగ మిగిలిపోయింది. మస్తానమ్మత్త దాన్ని తనే తాగింది.

నిషేధం ఎత్తేసేలోపు విచ్చుకున్న చెక్కలు మార్చారు, సందులు పూడ్చారు. పడవ నీళ్లలోకి దిగిన రోజు కూడా వాదించుకుంటూనే ఉన్నారు. శీనయ్య అక్క ఒడ్డున నిలబడి ఇద్దర్నీ ఒకేసారి తిట్టింది. ఏడాది పైగా ఆమెకి ఆ వీలు కలగలేదు.

తర్వాత ఒకసారి అత్తని అడిగాను. "రెండు ముగింపులుండాయి అందులో. ఒక్కటైనా చూస్తావా?"

"రెండేనా?" అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, నిజంగానే జాలిపడింది. "పాపం, అంత ఖర్చు పెట్టి." డబ్బా మాత్రం తిరిగివ్వలేదు. నిషేధం ఎత్తేశాక వచ్చిన మొదటి సోమవారం ఐదు గంటల బస్సులో ఆమె కథ మొదలుపెట్టిందని, మీసాలాయన గుర్రానికి జూలు కొత్తగా వచ్చి చేరిందని మా అమ్మ ఫోన్లో చెప్పింది. వినడానికి నేను ఆ బస్సులో లేను.

రెండేళ్ల కిందట, మధ్యాహ్నం భోంచేసి పడుకుని, మస్తానమ్మత్త మళ్లీ లేవలేదు. అంతే. అంతకంటే పెద్దగా చెబితే ఆమె ఒప్పుకోదు. రేకు పెట్టెలో దొరికిన డబ్బాని మా అమ్మ నాకు పంపింది.

మా కంట్రోల్ రూములో వెంకటేశ్వర్లన్న అని సీనియర్ ఉన్నాడు. మొన్న షిఫ్టులో పెద్దసారు ఆయన్ని మా అందరి ముందూ, కొడుకు వయసు పిల్లల ముందు, నానా మాటలూ అన్నాడు. టీ వేళకి అన్న గ్లాసు పట్టుకుని, ఎవరూ అడక్కుండానే, చిన్నప్పుడు ఉదయగిరి కొండ దారిలో తనకి చిరుతపులి ఎదురైన కథ మొదలుపెట్టాడు. ఆ కథ నాకు తెలుసు. అది చిరుత కాదు, పక్కూరి రెడ్డిగారి కుక్క. ఆ రోజు ఆయనతో ఉన్న తమ్ముడే నాకు చెప్పాడు. కొత్త పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. నా నాలుక చివరికి కుక్క వచ్చి కూర్చుంది, తోక కూడా ఆడించింది.

"తర్వాతేమైందన్నా?" అన్నాను.

అన్న గ్లాసు కింద పెట్టి, కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాడు. చిరుత ఇంకో రెండడుగులు ముందుకేసింది.